గంట కడుపు కడగరు

మా మ్యూజియంలో రెండు బోర్డులు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద "వస్తువులను ముట్టరాదు" అని ఉంటుంది. రెండోదాని మీద "వస్తువులను శుభ్రంగా ఉంచవలెను" అని ఉంటుంది. రెండూ ఒకే పెయింటర్ ఒకే రోజు రాశాడు. ముట్టకుండా శుభ్రం చేసేదెట్లా అని అతన్ని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆ రెండు బోర్డుల మధ్య పదకొండేళ్లుగా చీపురు పట్టుకుని నిలబడిన మనిషి ముత్తక్క. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే ముందు ఆ బోర్డులే గుర్తొచ్చి ఒళ్లు మండింది.

నా పేరు బలరాం. మాది వేంసూరు దగ్గర తండా. ఈ మ్యూజియంలో టికెట్లు చింపేదీ, రికార్డు పుస్తకం రాసేదీ నేనే. భద్రాచలం నుంచి పర్ణశాల పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలికి, నాలుగు గదుల బిల్డింగు మాది. బాణాలు, డోళ్లు, వెదురు బుట్టలు, పాత ఇత్తడి సామాను పెట్టారు. పర్ణశాల యాత్రికులు ఆగుతారు గానీ, నిజం చెప్పాలంటే సగం మంది బాత్రూం కోసమే ఆగుతారు. అందుకని మాకు పైనుంచి వచ్చే సామానులో కాగితాల కంటే, బల్బుల కంటే బాత్రూం కడిగే మందు సీసాలే ఎక్కువ. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ముత్తక్క కోయ మనిషి. పుట్టింది ఎర్రవాగు గుంపులో, గుంపంటే చిన్న పల్లె. ఇక్కడికి పన్నెండు కిలోమీటర్లు, చివరి నాలుగు అడవి బాట. భర్త బొజ్జయ్యది ఈ పక్క ఊరే. ఎండాకాలం ఇద్దరూ తునికాకు కోతకు పోయేవారు, ఇప్పగింజలు ఏరేవారు. స్వీపర్ పని దొరికాక ఆమె ఆకు మానింది, ఆయన మానలేదు. ఆమెకు యాభైకి ఒకటి రెండేళ్లు తక్కువే ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉంటుంది. ఎవరేం చెప్పినా "అవ్ సారూ" అంటుంది. ఆ "అవ్" వినీ వినీ నాకు చిరాకొచ్చేది. కాదనడం ఈమెకు రాదా అనుకునేవాణ్ణి.

కాదనడానికి ఆమెకు సందెవరిచ్చారు? పదకొండేళ్లలో నలుగురు ఇన్‌చార్జి సార్లు మారారు. మొదటాయన ఇనుప సామాను అంతటికీ వారం వారం కొబ్బరినూనె రాయమన్నాడు. రాసింది. రెండో ఆయన వచ్చి, నూనెకు దుమ్మంతా అంటుకుందని కేకలేసి, సబ్బునీళ్లతో కడిగించాడు. కడిగింది. వారానికే బాణాల ములుకులు తుప్పు పట్టాయి. మూడో ఆయన ఆ తుప్పు కనపడకుండా నల్ల పెయింటు వేయించాడు. ఆ పెయింటు కూడా ఆమే వేసింది. నాలుగో ఆయన రమణ సారు. ఆయన వచ్చిన రోజున ముత్తక్క నా టేబుల్ దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా అడిగింది.

"బలరాం సారూ, ఇయ్యాల్టి నుంచి ఏ సారు మాట నడుస్తది?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

అన్నీ తోమిన ఆ మనిషి చెయ్యి పడని వస్తువు ఒకటుంది. రెండో గదిలో మూలన గాజు బీరువాలో నల్లటి గంట. కొబ్బరికాయంత ఉంటుంది. బీరువా తాళంచెవి ఏ సారు దగ్గరో ఉండిపోయి ఏళ్లుగా ఎవరూ తెరవలేదు. కింద అట్ట మీద "గంట. ఇత్తడి. ప్రాంతం తెలియదు" అని ఉండేది. ముత్తక్క పనిలో చేరిన మొదటి రోజే దాని ముందు ఆగిపోయింది. చీపురు కింద పెట్టింది. కొంగు భుజం మీద సర్దుకుని చేతులు జోడించింది. కొత్త మనిషి కదా, ప్రతి వస్తువుకూ మొక్కుతుందేమో అనుకున్నాను. మిగతా వేటికీ మొక్కలేదు.

నేను అడిగితే నాలుగేళ్ల తర్వాత చెప్పింది. అది వాళ్ల వంశం వేల్పు గంట అట. వేల్పు అంటే వాళ్ల ఇంటి దేవర. మూడేళ్లకోసారి జాతర చేస్తారు. ఎనభై ఆరు గోదావరి వరదలో గుంపు మొత్తం మునిగితే, వాళ్ల నాయన జోగయ్య వేల్పు బుట్ట నెత్తిన పెట్టుకుని పునరావాస కాంపుకు వచ్చాడు. అక్కడెవరో ఆఫీసరు, భద్రంగా పెడతాం అని గంట తీసుకున్నాడు. కాగితం మీద జోగయ్యతో వేలిముద్ర వేయించాడు. వరద తీసింది, కాంపు ఎత్తేశారు, గంట మాత్రం తిరిగి రాలేదు. అప్పుడు ముత్తక్కకు పదేళ్లు.

"మరి మీ గంటేనని చెప్పలేదేం ఇన్నాళ్లు?" అన్నాను కోపంగా.

"ఎవలు అడిగిన్రు సారూ?" అంది.

నేను ఆమెనే ఒక అర్జీ పెట్టమన్నాను. ఆమె పెట్టలేదు, ఆడపిల్ల పెట్టేది కాదంది. వాళ్ల చిన్నాయన పోతయ్య పెట్టాడు. ఆయన ఆ వేల్పుకు పూజారి, వాళ్ల మాటలో వడ్డె. జాతరకు మూడు రోజులు గంట ఇవ్వండి, మళ్లీ తెచ్చి ఇస్తాం అని రాయించాడు. మొదటిసారి ఆధారం లేదని కొట్టేశారు. దీనితో కలిపి మా దగ్గర అలాంటి గంటలు ఆరున్నాయి, ఏది ఎక్కడిదో ఒక్క అట్ట మీద కూడా లేదు. మూడేళ్లు ఆగి మళ్లీ పెట్టాడు. ఈసారి రమణ సారు కాస్త మనసు పెట్టాడు. పాత బీరువాలు తిరగేస్తే వరద కాంపు లిస్టు దొరికింది. అందులో ఇలా ఉంది: "నల్లని గంట ఒకటి. ఎర్రవాగు గుంపు జోగయ్య వద్ద నుండి భద్రత నిమిత్తం తీసుకొనబడినది." పక్కనే వేలిముద్ర.

రమణ సారు పైకి రాశాడు. హైదరాబాద్ నుంచి ఒక మేడం వచ్చి చూస్తుందని, ఆ లిస్టులోని గంట ఇదేనని ఆమె రాసిస్తే జాతరకు ఇవ్వొచ్చని జవాబు వచ్చింది. ఆ రోజు ముత్తక్క మధ్యాహ్నం అన్నం తినలేదు. ఏమైందక్కా అంటే ఆకలి కాలేదంది. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత గంట ఇంటికి పోతుందేమో అన్న ఆశతో కడుపు నిండిపోయిందని నాకు ఆ తర్వాత అర్థమైంది.

ఇక మేడం వచ్చే ముందు రోజు జరిగింది చెప్పాలి. చెప్పబుద్ధి కాదు గానీ చెప్పాలి.

రమణ సారు ఉదయమే వచ్చి అన్ని గదులూ తిరిగాడు. "రేపు మేడం వచ్చేసరికి అన్నీ తళతళ మెరవాలె. ఒక్క మరక కనపడొద్దు" అన్నాడు. కొత్తగా చేయించిన బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టి భద్రాచలంలో మీటింగుకు పోయాడు. నేను తాళంచెవి ముత్తక్కకు ఇచ్చాను. అప్పుడే మా ఆవిడ సోని ఫోన్ చేసింది. గ్యాస్ బండ అయిపోయిందని, బుక్ చేయమంటే నేను మరిచానని తగువు. ఆ తగువు మధ్యలో ముత్తక్క వచ్చి నిలబడింది.

"గంట గూడనా సారూ?"

"అన్నీ అంటే అన్నీ అక్కా. ఎన్నిసార్లు అడుగుతవు?"

ఆమె "అవ్ సారూ" అంది. ఈసారి ఆ మాట వేరేగా వినపడింది, కానీ నేను ఫోన్లో ఉన్నాను.

కాసేపటికి వెనక బోరింగ్ దగ్గర చూస్తే, ముత్తక్క స్నానం చేసి తడి కొంగుతో తూర్పు ముఖంగా కూర్చుని ఉంది. ముందు గంట. గేటు దగ్గర హోటల్లో అడిగి తెచ్చిన చింతపండు, పొయ్యి బూడిద, చిటికెడు పసుపు. గంట నాలుకకు గుడ్డ చుట్టింది, మోగకుండా. రొమ్ముకు ఆనించుకున్న బిడ్డను పట్టుకున్నట్టు ఒడిలో పెట్టుకుని, పైన మాత్రమే మెల్లగా రుద్దుతోంది. ఎండలో చెమట కారుతున్నా తుడుచుకోవడం లేదు. ఇదేదో మరీ శ్రద్ధగా చేస్తోందే అనుకున్నాను. అది మా మ్యూజియం పని కాదని, వాళ్ల ఇంటి పని అని నాకేం తెలుసు. వేల్పు గంట గడప దాటే ముందు ఆ వంశం ఆడబిడ్డే కడగాలట. అంతకుముందు ఆ పని వాళ్ల మేనత్త జంపక్కది. జంపక్క చనిపోయింది. ఇప్పుడు ముత్తక్క వంతు.

గంటసేపయ్యాక నా దగ్గరికి వచ్చింది. మొహం దిగులుగా ఉంది.

"నలుపు పోతలేదు సారూ. మా అత్త తోమితే పోయేది. నా చేతికి పోతలేదు."

సాయం చేద్దామనే లేచాను. మా ఇంట్లో నల్లబడిన ఇత్తడి చెంబుకు సోని ఒకసారి బాత్రూం ఆసిడ్ చుక్క వేసింది, అది కొత్త దానిలా మెరిసింది. అదే చెప్పాను. స్టోరులోంచి నీలం సీసా నేనే తెచ్చాను. మూత నేనే తీశాను. ముక్కు మండే వాసన వచ్చింది. గుడ్డ మీద పోసి రుద్దగానే నలుపు పొరలు పొరలుగా ఊడి వచ్చింది. కింద నీళ్లు నల్లగా, కాస్త పచ్చగా పారాయి. "చూసినవా అక్కా?" అన్నాను గొప్పగా. ఆ గొప్ప ఇప్పటికీ గుర్తొస్తే ఎక్కడైనా దాక్కోవాలనిపిస్తుంది. కొంచెం లోపల కూడా పొయ్యమన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. పదకొండేళ్లలో ఆమె నాకు కాదన్నది అదొక్కసారే. ఎందుకని నేను అడగలేదు, ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున గంట ఒక వైపు బంగారంలా ఉంది. రెండో వైపు లేత ఎరుపు మచ్చలు పడ్డాయి, పుండు మీది పొక్కు ఊడితే కనపడే కొత్త చర్మం రంగు. ఇదేంటని ముత్తక్క వేలితో తడిమింది. మరక కాదు, పోలేదు.

శారద మేడం పదింటికి వచ్చింది. ముప్పై ఐదేళ్లుంటాయి. రెండు సంచులు, ఒక టార్చి, పెట్టెడు గ్లవ్స్. గుమ్మంలోంచి రమణ సారుతో మాట్లాడుతూ వచ్చి, గాజు బీరువా చూడగానే మాట ఆపేసింది. పక్కనున్న కుర్చీలో కూర్చుంది.

"దీన్ని ఎవరు కడిగారు?"

"నేనేనమ్మా" అంది ముత్తక్క సంతోషంగా. మెచ్చుకుంటారని ముందుకు వచ్చింది కూడా. ఆ ముఖం నేను చూడలేకపోయాను.

"ఏమేం వేశారు?"

"చింతపండు, బూడిద. అటెన్క బాత్రూం మందు."

"ఆ మందు ఎవరిచ్చారు?"

ముత్తక్క నా వైపు ఒక్కసారి చూసి చూపు దించుకుంది. "బాత్రూంలో ఉన్నదేనమ్మా" అంది. నేను రిజిస్టరులో ఏదో వెతుకుతున్నట్టు పేజీలు తిప్పాను. అవును, అదే చేశాను.

శారద మేడం అరవలేదు. అరిచినా బాగుండేది. ఇత్తడిలో రాగి, జింకు కలిసి ఉంటాయని, ఆ మందు జింకును తినేసి రాగిని మిగిల్చిందని, అందుకే ఆ ఎర్రటి మచ్చలని మెల్లగా చెప్పింది. నీళ్లతో కడిగినా మందు సన్న రంధ్రాల్లో ఉండిపోతుందట. వానాకాలంలో ఆకుపచ్చ పొడి లేచి లోహాన్ని కొరుక్కుతింటుందట. చింతపండు కూడా ఇంటి బిందెకు సరే గానీ దీనికి కాదట.

"అన్నిటికంటే పెద్ద నష్టం ఆ నలుపు పోవడం. అది మురికి కాదమ్మా. గుగ్గిలం పొగ, నూనె, పసుపు. ఎన్నో ఏళ్ల పూజ ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటుంది. మేం దాంట్లోంచే చరిత్ర చదువుతాం."

ముత్తక్క అడిగింది. "మేం మూడేండ్లకోసారి కడుగుతం గదమ్మా. ఇంక పేరుకునేదేడ?"

మేడం గంటకు ఇంకా దగ్గరగా వంగింది. "మూడేళ్లకోసారి కడిగితే మరి ఈ నలుపు ఎక్కడిది?"

ఎవరికీ తెలియదు. రమణ సారుకు మాత్రం వేరే దిగులు పట్టుకుంది. ఆయన వరద లిస్టు తీసి టేబుల్ మీద పెట్టాడు. "మేడం, రికార్డుల నల్లని గంట అని ఉన్నది. మన ఫొటోల గూడ నల్లగనే ఉన్నది. ఇప్పుడిది నల్లగ లేదు. స్టోరుల ఇసొంటియి ఇంక అయిదున్నయ్. ఇదే అదని నేను పైకి ఏం రాయాలె?" ముత్తక్క వైపు తిరిగాడు. "మెరవాలె అంటే అద్దాలు మెరవాలె అన్న గదనే! ఇన్నేండ్లకు మీ గంట మీకిద్దామంటే, నీ చేతుల్తోనే ఆధారం కడిగి పారబోస్తివి."

అద్దాలని ఆయన అనలేదు. అన్నీ అనే అన్నాడు. కానీ అది చెప్పాలంటే నేను నోరు తెరవాలి. ముత్తక్క గోడకు ఆనుకుని నిలబడి తన అరచేతులు చూసుకుంది. ఆసిడ్ తగిలిన చోట తోలు తెల్లగా లేచి ఉంది.

"తోమకపోతే తప్పంటిరి. తోమితే తప్పంటున్నరు. నాకు సమజైతలేదు సారూ" అంది. ఏడవలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది.

పన్నెండింటికి పోతయ్య వచ్చాడు. ఆటోలో ఇద్దరు మనుషులు, ఒళ్లో కొత్త వెదురుబుట్ట, బుట్టలో మడతపెట్టిన కొత్త గుడ్డ. గంటను తీసుకుపోవడానికే సిద్ధమై వచ్చారు. డెబ్భై దాటిన మనిషి పోతయ్య. గంట ముందు నిలబడి చాలాసేపు చూశాడు. ముత్తక్కతో కోయలో ఏదో అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన మళ్లీ అడిగాడు. ఆమె చెయ్యి బోర్లించి లోపలి వైపు చూపిస్తూ ఒక్క మాట అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, మా తండా భాష వేరు. కానీ ముసలాయన భుజాలు కిందికి దిగడం కనపడింది, ఊపిరి వదిలినట్టు.

రమణ సారు నల్లని గంట సంగతి చెప్పాడు. పోతయ్య తెల్లబోయాడు.

"నలుపేంది సారూ? మా ఇంట్ల ఉన్నన్నినాళ్లు ఇది పసుపు పచ్చగ మెరుస్తుండె. వరద కాంపుల నెల దినాలు వంట పొయ్యి పక్కన పెట్టిన్రు. అన్నం వండిన పొగ అది. కాగితం అటెన్కనే రాసుకున్నరు."

శారద మేడం నుదురు రుద్దుకుంది. "అయితే అది పూజ పొగ కాదా?"

"కాదమ్మా. సర్కారు బియ్యం పొగ."

మేడం వరద లిస్టు మీది తేదీ చూసింది. "అదీ చరిత్రే" అంది చివరికి, కొంచెం నీరసంగా. "వరద చరిత్ర."

ముత్తక్క నా చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగింది. "అన్నం పొగ గూడ చరిత్రనేనా సారూ? మరి మా ఇంట్ల కుండలు?" నేను ఆమెను ఊరుకోమని సైగ చేశాను, నాకూ తెలియదు కాబట్టి.

"పెద్దాయనా, ఇది మీదేనని ఇంకే గుర్తు ఉంది?" అని మేడం అడిగింది. "ముట్టుకోకుండా, చూడకుండా చెప్పాలి."

పోతయ్య కళ్లు మూసుకున్నాడు. "లోపల, నాలుక పక్కన పగులున్నది. వరదకు ముందు జాతరల పగిలింది. తేనె మైనం కరిగించి మూసినం. మా అన్న జోగయ్య బొటనవేలు పెట్టి ఒత్తిండు. ఆ వేలికి గొడ్డలి గాటు ఉండె, అడ్డంగ."

శారద మేడం గ్లవ్స్ తొడుక్కుంది. గంటను రెండు చేతుల్తో తీసి, గుడ్డ పరిచిన టేబుల్ అంచున కొంచెం వంచి పట్టి, తను నేల మీద కూర్చుని టార్చితో కింది నుంచి లోపలికి చూసింది. లోపల ఇంకా నల్లగానే ఉంది. ఆమె చాలాసేపు లేవలేదు.

"ఉంది" అంది.

ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి టేబుల్ మీద పెట్టింది. మైనం మీద బొటనవేలి గీతలు, వాటికి అడ్డంగా ఒక గాటు. పక్కన రమణ సారు వరద లిస్టు పెట్టాడు. వెలిసిపోయిన సిరా వేలిముద్ర. దానికీ అడ్డంగా అదే చోట ఒక తెల్లని గీత, సిరా అంటని గీత. చదువు లేని వాళ్లకు కూడా తెలిసిపోతుంది. ఒకే వేలు.

"లోపల ఎందుకు కడగలేదు?" అని మేడం ముత్తక్కను అడిగింది. "బ్రష్ పెట్టి తోమినా, వేడినీళ్లు పోసినా ఇది పోయేది."

"గంట కడుపు కడగరమ్మా. మా మేనత్త చెప్పింది. గొంతు ఆడ్నే ఉంటదట."

"లోపల మీ నాన్న వేలిముద్ర ఉందని తెలుసా?"

తెలియదు. ఆ సంగతి ముత్తక్క కూడా అప్పుడే వింటోంది. ఆమె నేల మీద కూర్చుంది, తల పైకెత్తి టార్చి వెలుగులోకి చూసింది. వాళ్ల నాయన పోయి ఇరవై ఏళ్లు. వాళ్లింట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. ఆమె చెయ్యి పైకి లేపి, మళ్లీ దించి, కొంగులో చుట్టేసుకుంది. అప్పుడు ఏడ్చింది.

ఆ ఏడుపు నేను ఓర్వలేకపోయాను. "ఆ మందు నేనిచ్చిన మేడం. సీసా నేనే తెచ్చిన. మూత గూడ నేనే తీసిన. సారు అన్నీ అన్నడు, నేనూ అన్నీ అన్న" అనేశాను. రమణ సారు నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. తర్వాత నాకొక మెమో, ముత్తక్కకొక మెమో వచ్చాయి. ఆమె మెమో కూడా నేనే చదివి వినిపించాను. "అనుమతి లేకుండా వస్తువును శుభ్రపరచినందున" అన్న చోట ఆమె మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. "శుభ్రం చేసినందుకా?" అంది. అవునన్నాను.

గంట జాతరకు పోవడానికి ఒప్పుకున్నారు. కానీ శారద మేడం ఒక కాగితం మీద షరతులు రాసింది. నీళ్లు పోయరాదు. చింతపండు, బూడిద, నిమ్మకాయ, ఏ మందూ తగలరాదు. గ్లవ్స్ లేకుండా ముట్టరాదు. మెత్తటి పొడిబట్టతో మాత్రమే తుడవాలి. తిరిగి వచ్చాక ఏ మార్పు ఉన్నా రికార్డులో రాయాలి. పోతయ్య వేలిముద్ర వేశాడు. తోడు నన్ను పంపారు.

ఇప్పుడు వాళ్ల గుంపుకు కొత్త చిక్కు వచ్చింది. వాగులో కడగనిదే వేల్పు గద్దె ఎక్కదు. కడిగితే షరతు తప్పుతుంది. జాతర రోజు పొద్దున ఎర్రవాగు ఒడ్డున ఊరు ఊరంతా నిలబడి వాదించుకుంది. కొందరు కడుగుదాం, హైదరాబాద్‌కు ఎట్ల తెలుస్తుంది అన్నారు. కొందరు మళ్లీ తీసుకుపోయి ముప్పై ఎనిమిదేళ్లు ఇవ్వరన్నారు. అందరూ నన్ను చూశారు. నేను కాగితాన్ని చూశాను. ముత్తక్క మోకాలి లోతు నీళ్లలో గంట ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది, గ్లవ్స్ తొడిగిన చేతుల్తో. పైకి ఎత్తలేక, కిందికి దించలేక ఒడ్డు వైపు తిరిగింది. "చిన్నాయనా, ఏం జెయ్యాలె?" అని తెలుగులోనే అరిచింది, నాకూ వినపడాలని కాబోలు.

పోతయ్య నీళ్లలోకి దిగాడు. గంటను తన కొత్త గుడ్డలో అందుకుని పక్కనున్న మనిషికి పట్టమని ఇచ్చాడు. ముత్తక్కను గ్లవ్స్ విప్పమన్నాడు.

"గంటకు పోయొద్దన్నరు. కడిగే చేతికి పోయొద్దనలే గద, సారూ?"

లేదన్నాను. కాగితంలో అది లేదు.

ఆయన ఆకు దొప్పతో వాగు నీళ్లు తీసి, చింతపండు పిసికి, పసుపు కలిపి, ముత్తక్క రెండు చేతుల మీద పోశాడు. మోచేతుల నుంచి వేళ్ల చివరల దాకా, మూడుసార్లు. ఆసిడ్ లేచిన తోలు మీద చింతపండు పులుసు మండి ఉంటుంది, ఆమె కదలలేదు. డోళ్లు మోగాయి. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. ముత్తక్క ఒడ్డుకు వచ్చి చేతులు ఆరబెట్టుకుని పొడిబట్టతో గంటను పైన తుడిచింది. లోపలికి చెయ్యి పోనియ్యలేదు. ఆ సంబరంలో గ్లవ్స్ సంగతి ఆమెకూ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. గద్దె మీద గంట మోగినప్పుడు, పగిలిన దాని గొంతు కాస్త బొంగురుగానే వచ్చింది. పోతయ్య మాత్రం "మా అన్న గొంతు ఇట్లనే ఉంటుండె" అన్నాడు.

మూడు రోజుల తర్వాత గంటను తెచ్చి బీరువాలో పెట్టాం. అట్ట మీద "ప్రాంతం తెలియదు" కొట్టేసి "ఎర్రవాగు గుంపు" అని నేనే రాశాను. తర్వాత మార్పులు రాయడానికి కూర్చుని టార్చి వేసి చూస్తే, గంట అంచు మీద పసుపు వేలిగుర్తు ఒకటి ఉంది. చిన్నది. ఎవరిదో నాకు తెలుసు.

ఈసారి దాచబుద్ధి కాలేదు. శారద మేడంకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. గ్లవ్స్ మరిచామని, పసుపు అంటిందని. పక్కన ముత్తక్క పొడిబట్ట పట్టుకుని నిలబడి ఉంది. నేను తల ఊపితే తుడిచేద్దామని చూస్తోంది. అవతల మేడం ఆ గుర్తు ఎక్కడుందో అడిగి తెలుసుకుంది.

"ఉండనివ్వండి. తుడవకండి. రికార్డులో రాయండి, తేదీతో" అంది.

ఆ మాటే ముత్తక్కకు చెప్పాను. ఆమె నన్నొకసారి, గంటనొకసారి చూసింది.

"ఇది మురికి కాదా సారూ?"

"కాదంట అక్కా."

"మొన్న నేను తీసింది?"

"అదీ మురికి కాదంట."

"మరి ఏది మురికి?"

నాకు తెలియదని చెప్పాను. పదకొండేళ్లలో ఆమెకు నేను చెప్పిన నిజమైన మాట అదేనేమో. ముత్తక్క బట్ట మడిచి నడుముకు దోపుకుంది. బీరువా తలుపు వేసి, అద్దం మీద పడిన తన ఊపిరి ఆవిరిని కూడా తుడవాలా వద్దా అని కాసేపు ఆలోచించి, తుడవకుండానే చీపురు తీసుకుని పోయింది.